చెరువు గట్టున వద్దు, ఊళ్లో కావాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
(గోదావరి డెల్టా మున్సిపాలిటీల్లో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు జవాబులిస్తున్నారు)

ప్రశ్న: ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారాలండి. మాది పశ్చిమ డెల్టాలో ఒక మున్సిపల్ పట్టణం. మా పేట చివర, పంట కాలువకీ మంచినీళ్ల చెరువుకీ మధ్యన పాత పంపుహౌసు ఉంది. పది పన్నెండు సెంట్ల జాగా. ఇళ్లలో పడేసే పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, పెయింటు డబ్బాలు, పురుగుమందు సీసాలు, కాలం చెల్లిన మాత్రలు తీసుకునే కేంద్రం అక్కడ పెడతారట. వార్డు సచివాలయం గోడకి కాగితం అంటించారు. అభ్యంతరాలుంటే రాసివ్వమని, రెండు వారాల్లో వార్డు సభ పెడతామని అందులో ఉంది. మా వీధి రెండు వర్గాలైపోయింది. కొందరు "విషం తెచ్చి మన నెత్తిన పోస్తున్నారు, కేంద్రం వద్దని సంతకాలు పెట్టండి" అని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మా మామయ్యగారేమో "ఎక్కడో ఒకచోట పెట్టాలి కదమ్మా, అందరూ వద్దంటే ఎలా" అంటున్నారు. ఆ చెరువు నీళ్లే మేం తాగేదండి. పంపుహౌసుకి నాలుగిళ్ల ఇవతల అంగన్‌వాడీ ఉంది, మా చిన్నది అక్కడికే వెళ్తుంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టాలా, వద్దా? సభలో ఏమడగాలి?
– ఒక గృహిణి (ఊరి పేరు వేయవద్దని కోరారు)

జవాబు: కేంద్రమే వద్దని తిప్పుతున్న ఆ కాగితం మీద సంతకం పెట్టకండమ్మా. మీరే ఇంకో కాగితం రాయండి. "ఈ జాగాలో వద్దు, ఫలానా జాగాలో, ఇలా కట్టండి" అని రాసి, దాని మీద మీ వీధి మొత్తం చేత సంతకాలు పెట్టించండి. మీ మామయ్యగారు చెప్పిందీ నిజమే, మీ భయమూ నిజమే. రెండూ ఒకే కాగితంలో పడతాయి.

ముందు మీ అటక మీద ఏముందో ఒకసారి దింపి చూడండి. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ మేం దింపాం. కాలిపోయిన ట్యూబులైట్లు మూడు, ఎనామిల్ పెయింటు సగం డబ్బా, టర్పెంటాయిల్ సీసా, పొట్ట ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీ, అమ్మ వాడి వదిలేసిన ఇన్సులిన్ సూదులు ఒక కవరు నిండా. అన్నిటికన్నా వెనకాల, నాన్నగారు వరి చేలకి కొట్టిన రోజుల నాటి ఎండోసల్ఫాన్ డబ్బా. లేబులు సగం చెదలు తినేశాయి. మూత చుట్టూ తుప్పు. డబ్బా ఎత్తితే కింద చెక్క మీద గుండ్రంగా నల్లటి జిడ్డు మరక, అంటే ఎన్నేళ్లుగానో సన్నగా కారుతోందన్నమాట. ఆ మరకకి జానెడు దూరంలో సంక్రాంతికి వాడే అప్పాల మూకుడు ఉంది. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. దాన్ని అమ్మకూడదు, చేలో కొట్టకూడదు, పారబోయకూడదు. మరి ఎవరికివ్వాలి? మా ఆవిడ అడిగితే, ఇన్నేళ్లు ఈ ఉద్యోగం చేసిన నేను ఒక్క చోటు చూపించలేకపోయాను. ఇలాంటి కేంద్రం ఊళ్లో ఉండాలని నేను గట్టిగా అనడానికి కారణం ఆ డబ్బా.

కేంద్రం లేని ఊళ్లో ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయో నేను కళ్లారా చూశాను. ట్యూబులైట్లు కాలువ గట్టు మీద పగులుతాయి. ఒక్కో ట్యూబులో ఉండే పాదరసం కొన్ని మిల్లీగ్రాములే, కానీ ఊళ్లో ట్యూబులు వేలల్లో ఉంటాయి. పాత ఇన్వర్టర్ బ్యాటరీలోంచి సీసం పలకలు తీసుకోవడానికి లోపలి యాసిడ్‌ని మురుగుకోడులో వంపేస్తారు. సూదులు చెత్త బండిలో పడతాయి. నా దగ్గర పనిచేసిన ఒక కార్మికురాలికి తడి చెత్త కలియబెడుతుంటే బొటనవేల్లో సూది దిగింది. ఎవరి సూదో తెలియదు. ఆరు నెలలు రక్తపరీక్షలు చేయించుకుంటూ తిరిగింది. ఆ ఆరు నెలలూ మనవణ్ని దగ్గరికి తీసుకోలేదు. "ఏమో బాబూ, నాకేముందో" అనేది. చివరికి ఏమీ లేదన్నారు. కానీ ఆ ఆరు నెలలు ఆమెకి ఎవరు తిరిగిస్తారు?

చట్టం కూడా కేంద్రం పెట్టాలనే అంటోంది. 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే, పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి, లేదా అందులో భాగానికి, ఇలాంటి కేంద్రం ఒకటి ఉండాలనీ, ఏ వేళల్లో తీసుకుంటారో జనానికి తెలియజేయాలనీ ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త నియమాలు ఇంటి చెత్తని తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావలసినవి అని నాలుగు రకాలుగా వేరు చేయమన్నాయి. సచివాలయం గోడకి అంటించిన కాగితంలో ఉన్నది ఆ నాలుగో రకం. కాబట్టి సభలో "అసలు ఎందుకు పెడుతున్నారు" అని అడిగితే అధికారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది, మీ మాట అక్కడితో ఆగిపోతుంది. "ఇక్కడే ఎందుకు" అని అడగండి. దానికి ఆయన ఆలోచించి చెప్పాలి.

ఇప్పుడు ఆ జాగా సంగతి. నాకైతే అది ఎంతమాత్రం పనికిరాదు.

మన డెల్టాలో నీళ్లు ఎలా తిరుగుతాయో మీకు వేరే చెప్పాలా అమ్మా. ధవళేశ్వరం నుంచి పెద్ద కాలువ, దాంట్లోంచి పిల్ల కాలువ, అక్కణ్నుంచి మన మంచినీళ్ల చెరువు, ఫిల్టర్ బెడ్లు, ట్యాంకు, కుళాయి. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. కట్టేసేముందు చెరువు నింపుకుంటాం. మళ్లీ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్లే. కాలువ పారుతున్నప్పుడు ఏదైనా పడితే కొంతయినా కొట్టుకుపోతుంది. చెరువులో పడితే ఎక్కడికి పోతుంది? ఫిల్టర్ బెడ్లలో ఇసుక మట్టిని ఆపుతుంది, క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. నీళ్లలో కరిగిపోయిన పురుగుమందునో, థిన్నర్‌నో పట్టి ఆపే ఏర్పాటు మన ఊళ్ల ఫిల్టర్ బెడ్లలో లేదు. పైగా ఇది డెల్టా. వానాకాలంలో రెండు మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. నేల మీద ఒలికింది కిందకి దిగి మాయమైపోదు, పక్కకి పాకుతుంది.

చెత్త పూడ్చే యార్డులకి 2016 నియమాలు దూరాలు పెట్టాయి. నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు, ఇళ్లకీ తాగునీటి బావులకీ 200 మీటర్లు. మీ దగ్గర పెట్టేది పూడ్చే యార్డు కాదు, తీసుకుని దాచి పంపించే గది. అందుకని ఆ దూరాలు దీనికి నేరుగా వర్తించవు. ఈ తేడా మీరే ముందు చెప్పండి, లేకపోతే "ఈవిడకి నియమాలు తెలియవు" అనేస్తారు. చెప్పి, "మామూలు చెత్తనే చెరువుకి 200 మీటర్ల దూరం పెట్టమన్నప్పుడు, విషపు డబ్బాల్ని గట్టు మీద ఎలా పెడతారు" అని అడగండి. వీలైతే టేపు పట్టుకుని పంపుహౌసు గోడ నుంచి చెరువు అంచుదాకా, కాలువ అంచుదాకా, అంగన్‌వాడీ గుమ్మందాకా కొలిచి, మూడు అంకెలూ మీ కాగితంలో రాయండి. సభలో అంకె చెప్పినవాళ్ల మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

గది ఎలా కట్టాలన్నది జాగా అంత ముఖ్యం. ఒక సంగతి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో మా స్టోరు గది పల్లంలో ఉండేది. బ్లీచింగ్ పౌడర్ బస్తాలూ, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ క్యాన్లూ, ఫినాయిల్ డబ్బాలూ అన్నీ అందులోనే, బస్తాలు నేల మీదే. ఒక రాత్రి డ్రెయిన్ పొంగి గదిలోకి జానెడు నీళ్లొచ్చాయి. కింద బస్తాలు తడిసి చినిగాయి, వాటి మీదకి ఒక యాసిడ్ క్యాన్ ఒరిగింది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. అది గాలికన్నా బరువు, పైకి లేవదు, నేలబారున పాకుతుంది. పక్క వరండాలో అరుగు మీద చాప వేసుకుని పడుకున్న వాచ్‌మన్‌కే ముందు తగిలింది. తెల్లారి నేను వెళ్లేసరికి ఆయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని దగ్గుతున్నాడు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గది తలుపు సందుల్లోంచి పచ్చగా, పలచగా పొగ. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. తాళం వేసిన గదే, కాపలా ఉన్న గదే. రెండు పడని వస్తువుల్ని ఒకేచోట, పల్లంలో పెట్టారు, అంతే.

అందుకే సభలో ముందుగా "నేల ఎంత ఎత్తు" అని అడగండి. మీ ఊళ్లో నీళ్లు ఎక్కువగా వచ్చిన ఏడాది ఏదో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. కొందరు 1986 ఆగస్టు అంటారు, అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కొందరు ఏదో తుపాను వానకి డ్రెయిన్ పొంగిన ఏడాది అంటారు. ఏ గోడ మీద ఎక్కడిదాకా నీటి మరక పడిందో చూపించి, గది అరుగు అంతకన్నా కనీసం రెండడుగులు పైన ఉండాలని పట్టుబట్టండి. రేకుల షెడ్డు వేస్తామంటే ఒప్పుకోకండి. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో రేకులు ఎక్కడెక్కడ తేలాయో చూసినవాణ్ని. స్లాబు వేయాలి, జల్లు కొట్టకుండా చూరు బయటికి రావాలి.

తర్వాత "ఒలికింది ఎక్కడికి పోతుంది" అని అడగండి. సిమెంటు నేల, దాని చుట్టూ చిన్న గట్టు, గదిలో ఉన్న అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము మొత్తం ఒలికినా గుమ్మం దాటకూడదు. నేల కడిగిన నీళ్లు బయటికి దారిలేని గుంటలో పడాలి, మురుగుకోడులోకి గొట్టం ఉండకూడదు. ప్లానులో ఆ గొట్టం గీత ఎటు పోతోందో వేలు పెట్టి చూపించమనండి.

లోపల దేనికది వేరుగా ఉండాలి. యాసిడ్ ఒక మూల, బ్లీచింగ్ దానికి అందనంత దూరంలో. పెయింట్లు, థిన్నర్లు గాలి ఆడేచోట, కరెంటు స్విచ్చికి దూరంగా. ఉబ్బిన లిథియం బ్యాటరీలు పొడి ఇసుకలో. ట్యూబులు పగలకుండా అట్టపెట్టెల్లో నిలబెట్టి. సూదులకి గుచ్చుకుపోని గట్టి డబ్బా. అక్కడ కూర్చునే మనిషికి గ్లవ్స్, కళ్లజోడు, కళ్లు కడుక్కునే కుళాయి. ఆ మనిషి రోజుకూలికి వచ్చే వాళ్లలో ఎవరో ఒకరవుతారు. వాళ్ల తరఫున అడిగేవాళ్లు సభలో ఉండరు, దయచేసి మీరు అడగండి.

ఇంకొకటి, ఎన్నాళ్లు దాస్తారు? ఫ్యాక్టరీలే తమ ప్రమాదకర వ్యర్థాల్ని మామూలుగా 90 రోజులకి మించి దగ్గర పెట్టుకోకూడదని 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాలు అంటున్నాయి. ఇళ్ల మధ్య గదికి అంతకన్నా తక్కువే అడగొచ్చు. సరుకు చివరికి చేరాల్సిన చోటు విశాఖ దగ్గర పరవాడలో ఉన్న శుద్ధి కేంద్రం లాంటిది. అక్కడికి తీసుకెళ్లే బండికి ఒప్పందం కుదిరిందా, ఎన్ని రోజులకి ఒకసారి వస్తుంది, అని అడగండి. ఒప్పందం లేకుండా గది తెరిస్తే ఏడాదిలో అది గోడౌన్ అవుతుంది, రెండేళ్లలో డంపింగ్ యార్డ్ అవుతుంది. నా అనుభవంలో ఇలాంటివి చెడేది ఇక్కడే.

మరి ఎక్కడ పెట్టమనాలి? మన ఊళ్లన్నిటికీ పాత పాటిదిబ్బ ఒకటి ఉంటుంది, వరదల్లో జనం ఎక్కేది దాని మీదకే. ఆ దిబ్బని ఎవరికీ వదలకండి, అది మనుషులకి. దాని తర్వాత ఎత్తయినవి సాధారణంగా మెయిన్ రోడ్డు వారన, మార్కెట్ యార్డులో, ఆఫీసు ఆవరణల్లో ఉంటాయి. కాలువకి, చెరువుకి దూరంగా, లారీ తిరిగేటట్టు, పదిమంది కంటపడే చోటు చూసి, ఒకటి కాదు రెండు జాగాలు సూచించండి. మారుమూల దాచిన కేంద్రానికి జనం సీసా పట్టుకుని వెళ్లరు. నెలకొక ఆదివారం బండి వీధి చివరికి వచ్చి తీసుకుపోయే పద్ధతి కూడా అడగండి, ముసలివాళ్లకి అదే వీలు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆ జాగా సర్వే నంబరు, అది మున్సిపాలిటీదా, ఇరిగేషన్ వాళ్ల కాలువ పోరంబోకా, మాస్టర్ ప్లానులో ఏ జోన్‌లో ఉంది, ఇరిగేషన్ శాఖా కాలుష్య నియంత్రణ మండలీ ఏం రాసిచ్చాయి, ఇవి అడగండి. నోటి మాటగా చెబితే సరిపోదు. మీ అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. సమాచార హక్కు కింద జవాబుకి 30 రోజులు పడుతుంది, మీ సభ రెండు వారాల్లోనే ఉంది. అందుకని ఆ దరఖాస్తు ఇవాళే పెట్టి, "సమాచారం వచ్చేదాకా నిర్ణయం వాయిదా వేయండి" అని అర్జీలో ఒక వాక్యం చేర్చండి. సభకి మీ మామయ్యగారిని తప్పకుండా తీసుకెళ్లండి. కేంద్రం కావాలనే పెద్దమనిషే లేచి "ఈ జాగా వద్దు బాబూ" అంటే, ఆ మాటకి ఉండే బరువు వేరు.

ప్రశ్న: నమస్తే అండి. మాది కోనసీమలో లంక గ్రామం. మా పంచాయతీలో ఇలాంటి కేంద్రం ఏదీ లేదు. కొబ్బరికీ కూరగాయలకీ కొట్టిన మందు సీసాలు సావిడిలో పోగుపడ్డాయి. కొందరు కడిగి కిరసనాయిలు పోసుకుంటున్నారు, కొందరు తగలబెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక యువ రైతు

జవాబు: తగలబెట్టొద్దు తమ్ముడూ, ఆ పొగ మీ ఇంట్లోకే వస్తుంది. కడిగి వాడుకోవడం అంతకన్నా ప్రమాదం. సీసాలో ఏముందో పెట్టినవాళ్లకే గుర్తుంటుంది, దాహమేసి వచ్చిన పిల్లాడికి తెలియదు. మందు అయిపోయిన వెంటనే, చేలో ఉండగానే, సీసాలో పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి బాగా గిలకరించి, ఆ నీళ్లు స్ప్రేయర్ ట్యాంకులోనే పోయండి. ఇలా మూడుసార్లు. మందు వృథా కాదు, కాలువలోకీ పోదు. తర్వాత సీసాకి మేకుతో రెండు చిల్లులు పొడవండి, ఇక ఎవరూ దేనికీ వాడలేరు. వాటిని ఒక గోనెలో కట్టి తాళం ఉన్నచోట ఉంచి, మండల వ్యవసాయ అధికారికీ పంచాయతీ కార్యదర్శికీ రాసివ్వండి. పదిమంది రైతులు కలిసి రాస్తే మంచిది. మందు మిగిలి ఉన్న పాత డబ్బాల్ని మాత్రం తెరవకండి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కలపకండి. కారుతుంటే ఇంకో పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి మూత పెట్టండి.

మీది లంక కాబట్టి ఇంకో మాట. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట వినగానే బియ్యం, పాసుపుస్తకాలు అటకెక్కిస్తాం కదా. సావిడిలో మందు గోనె అంతకన్నా ముందు ఎక్కాలి. 2022 జులై వరదలో, నీళ్లు తీశాక, ఒక లంకలో పశువుల కుడితి తొట్టిలో మూత ఊడిన మందు సీసా తేలుతూ నాకు కనిపించింది. ఆ ఇంటివాళ్లు అప్పుడే గేదెని విప్పి తోలుకొస్తున్నారు. పరుగెత్తి ఆపాను.

ప్రశ్న: మా బాబు చేతిలో జ్వరం చూసే గాజు థర్మామీటర్ పగిలింది. పాదరసం గచ్చు మీద పూసల్లా దొర్లింది. చీపురుతో ఊడ్చేశాను. తప్పు చేశానా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: కంగారు పడకండమ్మా. చీపురుతో ఊడిస్తే పూసలు ఇంకా చిన్నవై గచ్చు సందుల్లో దూరతాయి, అందుకే ఊడవకూడదంటారు. ఇప్పుడు పిల్లల్ని పక్క గదిలోకి పంపి, కిటికీలు బార్లా తీయండి. చేతి బంగారం తీసి పక్కన పెట్టండి, పాదరసం బంగారానికి పట్టుకుంటుంది. గదిలో లైట్లు ఆర్పి టార్చిలైటు నేలబారున వేస్తే మిగిలిన పూసలు మెరుస్తాయి. రెండు పెళ్లి శుభలేఖల అట్టలతో వాటిని ఒకచోటికి తోసి, సూది లేని సిరంజితో పీల్చి, కొంచెం నీళ్లున్న గాజు సీసాలో వేసి మూత బిగించండి. ఆ చీపురు, అట్టలు, సిరంజి ఒక కవరులో కట్టేయండి, చీపురు మళ్లీ వాడొద్దు. సీసా మీద "పాదరసం" అని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకి అందని చోట పెట్టి, మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసేవాళ్లకి చేతికి ఇవ్వండి. చెత్త బండిలో మాత్రం వేయకండి.